ఊరకే పోయిన రోజు

వేసవి సెలవులై బడి తెరిచిన మొదటి వారంలో ఐదో తరగతి పిల్లలకు ప్రతి ఏడాదీ ఒకే వ్యాసం ఇచ్చేవాణ్ణి: "సెలవుల్లో మీ కుటుంబంతో చేసిన విహారయాత్ర". నేను చదువుకున్నప్పుడు మా అయ్యవార్లు అదే ఇచ్చారు, నేనూ అదే ఇచ్చాను. మూడేళ్ళ కిందట మా కాలనీ నుంచి వచ్చే ఒక పాప నోటుబుక్కులో ఇంత మాత్రమే రాసింది: "మేము యాడికీ పోలేదు. మా అమ్మానాయన మామిడి తోట కావలి. తోట విడిచి పోకూడదు. కాయ ఇంకా దిగలేదు. నేను బడికి వచ్చినాను, వాళ్ళు రాలేదు."

ఎన్ని మార్కులు వెయ్యాలో తెలియక ఎర్ర పెన్ను పక్కన పెట్టాను. ఆ పాప రాసింది నా చిన్నతనమే.

మాది యానాది ఇల్లు. పలమనేరు చుట్టుపక్కల మామిడి తోటల్లో మా నాయన కావలి ఉండేవాడు. పిందె పట్టినప్పటి నుంచి చివరి తోతాపురి కాయ బండెక్కేదాకా మా కాపురం కావలి గుడిసెలోనే. గంగ జాతర కూడా ఆ ఎండాకాలంలోనే వస్తుంది. ఊరంతా జాతరకు పోతే తోటలో కాయ పోయేది ఆ రాత్రే. అందుకని ఊరికి పండగైన రోజు మా నాయనకు కావలి రెట్టింపు. మాకు పలకల మోత మాత్రం వినపడేది. ఇప్పుడు కావలి ఇంకా కష్టమైంది. పక్కనే 1990లో అభయారణ్యంగా ప్రకటించిన కౌండిన్య అడవి ఉంది. ఏనుగులు రాత్రిపూట పొలాల మీదికి వస్తున్నాయి. పిల్లలకు ఏనుగును చూపించడానికి కార్లలో వచ్చే కుటుంబాలున్నాయి. ఏనుగు కంటబడకూడదని మొక్కుకుంటూ గుడిసెలో పిల్లల్ని పడుకోబెట్టుకునే కుటుంబాలూ ఉన్నాయి. పాప రాసిన ఆ నాలుగు మాటలూ రెండో రకం ఇంటివి.

మన ముందున్న ప్రశ్న చిన్నదిగా కనపడుతుంది. పిల్లలతో ఒక రోజు ఊరకే బయటికి పోయి సంతోషంగా గడపడం అవసరమా, విలాసమా? కూలి మానుకొని పిల్లల్ని తిప్పుకొచ్చిన తండ్రి బాధ్యత తెలిసిన మనిషా, తెలియని మనిషా?

మన పెద్దలు దీనికి ఎప్పుడో జవాబు చెప్పేశారు: "ఊరకే తిరిగితే కడుపు నిండుతుందా?" ఆ మాట వాళ్ళ నోట ఎందుకు వచ్చిందో ఆలోచించాలి. మనవాళ్ళకు ఊరకే తిరగడం ఒకప్పుడు నేరం. 1871లో పుట్టి, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చిన నేరస్థ తెగల చట్టం కింద ఎన్నో ఎరుకల కుటుంబాలు హాజరు పలకాల్సి వచ్చింది. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉన్నవాళ్ళు పెళ్ళికి పోవాలన్నా, చావుకు పోవాలన్నా చీటీ ఉండాలి. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. చట్టం పోయినా భయం అంత తొందరగా పోలేదు. పని లేకుండా రోడ్డు మీద కనపడితే ఎవరైనా ఆపి "యాడికి?" అని అడుగుతారేమోనన్న బెదురు మా తాతల తరంలో నేను చూశాను. పనిముట్టు చేతిలో ఉంటే ఆ ప్రశ్నకు జవాబు ఉన్నట్టే. అందుకే మనవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒక పని మీద పోతున్నట్టే పోయారు.

దీనికి ఎదురుగా ఇంకో మాట ఉంది. సభల్లో నేనూ చెప్పాను. "మనకు వేరే విహారమెందుకు? చెరువులో చేపలు పట్టడం, తేనెకు పోవడం, గడ్డలు తవ్వడం, అన్నీ పిల్లలతోనే చేశాం. మన బతుకే విహారం." వినడానికి బాగుంటుంది. చప్పట్లు కూడా పడతాయి. ఆ మాట మీద నాకున్న నమ్మకాన్ని మా అమ్మే పోగొట్టింది.

ఒక కార్తీక మాసంలో, వానలు బాగా పడిన ఏడాది, ఆదివారం పూట అమ్మనూ, నా భార్యనూ, ఇద్దరు పిల్లల్నీ తీసుకొని కైగల్ జలపాతానికి పోయాను. పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలో, బైరెడ్డిపల్లె మండలంలో ఉంటుంది. దుముకురాళ్ళు అని కూడా అంటారు. చిత్రాన్నం, ఉడకేసిన చెనక్కాయలు కట్టుకొని బస్సెక్కాం. నేను సంచిలో ఒక నోటుబుక్కు కూడా పెట్టుకున్నాను. అమ్మ చేత చెట్ల పేర్లు, ఆకుల గుణాలు చెప్పించి పిల్లలతో రాయించాలని నా ఆలోచన.

నీళ్ళ దగ్గరికి చేరీ చేరకముందే అమ్మ తడి నేలలో పొన్నగంటాకు కోసి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ పక్కనే కార్లలో వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుంటున్నారు. ఎనిమిదో తరగతి చదివే నా కూతురు మెల్లగా, "అవ్వా, అందరూ చూస్తా ఉండారు. వదిలేయవ్వా" అంది.

నాకు కోపం వచ్చింది. సభలో చెప్పే మాటలన్నీ అక్కడే చెప్పేశాను. అవ్వకు తెలిసిన చదువు ఏ పుస్తకంలో ఉంది, మన ఆకు మనం కోసుకుంటే సిగ్గెందుకు అని. పాప తల దించుకుంది. అప్పుడు అమ్మ అంది:

"నువ్వూరుకో నాయనా. బిడ్డ చెప్పిందాంట్లో తప్పేముంది? ఈ పొద్దు గూడా ఆకు కోసుకోవాల్నా నేను? చేతులు ఊరకుండవు, అంతే. పుట్టి బుద్ధెరిగినాక నీళ్ళ కాడికి చేపకు పోయినా, గుడ్డలుతకను పోయినా, బిందెకు పోయినా. ఊరకే కూర్చునేదానికి పోయింది ఇదే."

కొంగులో ఆకు గట్టు మీద పెట్టేసి, కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుంది. నేను నోటుబుక్కు తీశాను. అది చూసి నవ్వింది. "ఈడ గూడా బడేనా?"

ఆ రోజు అమ్మ ఏ చెట్టు పేరూ చెప్పలేదు, ఏ కథా చెప్పలేదు. మధ్యాహ్నం దాకా నీళ్ళను చూస్తూ కూర్చుంది. పిల్లలు ఆమె పక్కకు చేరి కాళ్ళతో నీళ్ళు చిమ్ముకున్నారు. ఎవరి మీద ఎవరు చిమ్మారో లెక్క లేదు.

ఆ సాయంత్రం బస్సులో ఆలోచిస్తే నా తప్పు తెలిసింది. పాపకు అవ్వను చూసి సిగ్గేసింది. నాకు అవ్వను చూసి గర్వమేసింది. కానీ ఆమెకేం కావాలో ఇద్దరం అడగలేదు. సిగ్గుపడేవాళ్ళు పెద్దల్ని దాచిపెడతారు, గర్వపడేవాళ్ళు ప్రదర్శనకు పెడతారు. మనం చదువుకున్నవాళ్ళం రెండోది ఎక్కువ చేస్తున్నామేమో చూసుకోవాలి. మన పనిలో సంతోషం లేదని కాదు. చేప దొరికినప్పుడు పిల్లలు వేసిన కేకలు నాకు ఇప్పటికీ గుర్తే. కానీ చేప దొరకని రోజు కేకలు లేవు, కూడూ లేదు. ఆకలితో ముడిపడిన సంతోషాన్ని చూపించి "మీకు ఇది చాలు" అని ఇతరులు అంటే మనం ఒప్పుకోము. మనమే మన పిల్లలతో అనడం ఎలా ధర్మమవుతుంది? పని లేని సంతోషం మీద కూడా మన పిల్లలకు హక్కుంది. ఇది నేను కల్పించిన మాట కాదు. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతి, తీరిక, ఆట పిల్లల హక్కులని చెబుతుంది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది.

ఇంకో చిక్కు ఉంది. విహారానికి పేరుపడిన చోట్లలో కొన్ని మనవాళ్ళ చోట్లే. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్‌కు కడప కలెక్టరుగా చేసిన తెల్లదొర పేరు పడింది. అంతకు ముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల అక్కడి చెంచులకు మందిచ్చి కాపాడేదని కథ. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం యానాది కుటుంబాలను వాళ్ళ దీవి నుంచి కదిలించారు. 2019 నుంచి జనం అక్కడి గ్యాలరీలో కూర్చొని రాకెట్ పైకి పోవడం చూస్తున్నారు. పిల్లలతో పోయినప్పుడు ఇదంతా చెప్పాలా వద్దా? చెప్పకపోతే అబద్ధం నేర్పినట్టు. పోగానే చెబితే ఆ రోజు సంతోషాన్ని మన చేతులతోనే లాక్కున్నట్టు. కొండెక్కేటప్పుడు మల్లమ్మ కథ చెప్పాను, పిల్లలు మురిసిపోయారు. దొర పేరు సంగతి మరుసటి రోజు ఇంటి దగ్గర చెప్పాను. శ్రీహరికోటకు ఇంకా పోలేదు. పోయిన రోజు ముందు రాకెట్ చూడనిస్తాను. నిజం చెప్పడానికి ఇంటికి వచ్చే దారి చాలా పొడుగుంది.

ఇదంతా జీతగాడి మాట అనేవాళ్ళున్నారు. మా కాలనీలో ఒకాయన నాతో అననే అన్నాడు: "సార్, మీరు కైగల్‌కు పోయినా మీ జీతం పడుతుంది. నేను ఒక పొద్దు మానితే కూలీ పోతుంది, తోటలో కాయా పోతుంది." దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. తీరిక కూడా భూమి లాంటిదే. ఒకరి దగ్గర కుప్పగా ఉంది, ఇంకొకరికి సెంటు కూడా లేదు. లేనివాడికి "పిల్లలతో గడపండి" అని నీతి చెప్పడం, భూమి లేనివాడికి సేద్యం పాఠం చెప్పినట్టుంటుంది. తీరిక ఉన్నవాళ్ళం అందులోంచి కొంత తీసి ఇవ్వాలి.

మరుసటి ఎండాకాలం ఒక ఆదివారం, నేనూ మా బావమరిదీ ఆ పాప వాళ్ళ తోటకు కావలి పోయాం. తోట ఆయనకు ముందే చెప్పి ఒప్పించాం. పొద్దున ఆరింటికి గుడిసెలో మేం కూర్చున్నాం, ఆ ముగ్గురూ బస్సెక్కారు. చీకటి పడ్డాక వచ్చారు. కావలి పని నాకు మర్చిపోయిన పనేమీ కాదు గానీ, ఆ పగలంతా మా నాయన గుర్తొచ్చాడు. ఆయన తోటకు ఇలా ఒక్క రోజు ఎవరైనా వచ్చి కూర్చుని ఉంటే బాగుండేదనిపించింది. ఆ తర్వాత కాలనీలో ఇంకో రెండిళ్ళకు వంతులేసుకొని అలాగే చేశాం. ఉపాధ్యాయ మిత్రులకు, ఉద్యోగంలోకి వచ్చిన మన యువకులకు నేను చెప్పగలిగింది ఇదే: చందా ఇవ్వడం సులువు, ఒక రోజు కావలి ఇవ్వండి.

ఆ ఏడాది విహారయాత్ర వ్యాసం ఇవ్వలేదు. వాళ్ళు ఎక్కడికి పోయారో పాపను అడగలేదు కూడా. వారం తర్వాత, బడి ముందర, తనే దగ్గరికి వచ్చి చెప్పింది:

"సార్, మా నాయన నీళ్ళల్లో మునిగి అంత దూరంలో తేలినాడు సార్. మా నాయనకు ఈత వొచ్చునని నాకు తెలీనే తెలీదు."