చేయి ఎరిగినది, బడి అడగవలసినది

విజ్ఞానశాస్త్రం మానవునికి ప్రసాదించిన వరాలను లెక్కించేటప్పుడు యంత్రాలు, ఔషధాలు, వాహనాలు ముందుగా స్ఫురిస్తాయి. వీటన్నిటికంటె మౌలికమైన వరం మరొకటి ఉంది. ఎంతటి పెద్దలు చెప్పిన మాటనైనా పరీక్షించి చూసే హక్కు అతి సామాన్యునికి సైతం కలదన్న భావనే అది. శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుని ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చుకున్నాము. కాని ఆ దృక్పథాన్నే పాఠశాలలో కంఠస్థం చేయించడం కంటె విడ్డూరం ఉంటుందా? పరీక్షించకుండా నమ్మమని బాలునికి అలవాటు చేసే బోధన, చెప్పిన విషయం ఎంత సత్యమైనప్పటికీ, సత్యం పట్ల అతనికి ఉండవలసిన బాధ్యతను హరిస్తుంది. అందుచేత విజ్ఞానశాస్త్ర బోధన పద్ధతికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు, నీతికి సంబంధించిన సమస్య కూడా.

ఈ సమస్యను ఆలోచించడానికి బస్తర్ తగిన చోటు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడేవరకు మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న ఈ అటవీసీమ తెలుగువారికి పరాయిది కాదు. దీని గుండా పారే ఇంద్రావతి తెలంగాణ సరిహద్దున గోదావరిలో కలుస్తుంది. దక్షిణాన కుంట, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు వినవస్తుంది. ఇక్కడి కొండగావ్ పరిసరాలలో ఘడ్వా శిల్పులు ఇత్తడి బొమ్మలు పోస్తారు. మొహెంజొదారోలో దొరికిన నర్తకి కాంస్య విగ్రహం నాటి నుండి ఈ దేశం ఎరిగిన విద్య ఇది. ఆదిలాబాద్ ప్రాంతపు ఉషేగావ్ వోజ కళాకారులు నేటికీ పాటిస్తున్నదీ ఈ పద్ధతినే.

మట్టితో లోపలి రూపాన్ని చేసి ఆరబెడతారు. దానిపై సన్నని మైనపు తీగెలు చుట్టి కన్నూ ముక్కూ, నగలూ నాణెమూ తీరుస్తారు. ఆపైన మెత్తని మట్టి పూత, దానిపై ముతక మట్టి పూత వేసి, మైనం బయటికి పోవడానికి దారి ఉంచుతారు. కాల్చినప్పుడు మైనం కరిగిపోతుంది. అది విడిచిన చోటును కరిగిన ఇత్తడి ఆక్రమిస్తుంది. చల్లారిన పిమ్మట అచ్చును పగులగొట్టవలసిందే. కనుక ఏ రెండు బొమ్మలూ ఒక్కటి కావు.

ఈ పనిలో ఎంత శాస్త్రం ఇమిడి ఉన్నదో గమనించాలి. మైనం సాంద్రత నీటి సాంద్రతకంటె కొంచెం తక్కువ. ఇత్తడి సాంద్రత నీటికి సుమారు ఎనిమిదిన్నర రెట్లు. మైనం ఉన్నంత చోటునే ఇత్తడి నింపాలి కాబట్టి, ఒక వంతు మైనానికి దాదాపు తొమ్మిది వంతుల ఇత్తడి తూకం వేయాలి. ఏడవ తరగతి పిల్లలకు ఒక త్రాసు, ఒక మైనపు ముద్ద, ఒక ఇత్తడి ముక్క, అంచుల దాకా నీరు నింపిన చెంబు ఇస్తే ఈ నిష్పత్తిని వారే కనుగొంటారు. సాంద్రత అన్న మాట అప్పుడు నిర్వచనంగా మిగలక అనుభవమవుతుంది. పెదవికి తాకించకుండా గాలిలో ఊపి మోగించే బస్తర్ వెదురు వేణువు కూడా ధ్వనిపాఠానికి అటువంటి ప్రారంభమే.

చేతితో చేసి నేర్చే ఈ మార్గం మన దేశంలో కేవలం ఊహ కాదు. బస్తర్ అప్పుడు భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌లోనే, హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక ప్రయత్నం ప్రారంభమైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ దీనికి పూనుకొన్నాయి. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ బాధ్యతను స్వీకరించింది. ‘బాల్ వైజ్ఞానిక్’ అన్న వారి పుస్తకంలో ప్రయోగాలు, ప్రశ్నలు ఉండేవి. జవాబులు ఉండేవి కావు. పరీక్షకు పుస్తకం వెంట తెచ్చుకోవచ్చు, ప్రయోగం చేసి చూపవలసి ఉండేది. మూడు దశాబ్దాలు సాగిన పిదప 2002లో ప్రభుత్వం దానిని నిలిపివేసింది.

ఇటువంటి బోధనపై వినవచ్చే ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. పట్టణపు పిల్లవాడు గణితమూ ఇంగ్లీషూ చదివి ఉద్యోగాలకు పోతూ ఉంటే, అడవిబిడ్డకు మైనమూ మట్టీ చాలునా? ఈ శంకకు చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రవేశపెట్టిన పథకం పిల్లలకు బడి వేళలను కుదించి, మిగిలిన సమయంలో తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకోమన్నది. కులవృత్తికి కట్టిపడవేసే విద్య అని దానిపై నిరసన చెలరేగింది. 1954లో కామరాజ్ ప్రభుత్వం దానిని రద్దు చేసింది. ఆ నిరసన న్యాయమైనది. చేతిపనిని కీర్తించే మాట చాటున పాత సంకెళ్లు దాగి ఉండవచ్చు.

అయితే చేతిపని వేరు, చేతితో విచారించడం వేరు. మొదటిది తండ్రి చేసినట్లే చేయమంటుంది. రెండవది తండ్రి ఎందుకు అలా చేశాడో అడగమంటుంది. తొమ్మిది వంతులే ఎందుకు? ఇత్తడికి బదులు అల్యూమినియం పోస్తే ఎన్ని వంతులు కావాలి? ఈ రెండవ ప్రశ్న వేయగలిగిన బాలిక కొండగావ్‌లోనే ఉండి శిల్పి కావచ్చు, లోహశాస్త్రజ్ఞురాలై ఎక్కడికైనా పోవచ్చు. నిర్ణయం ఆమెదే. ఏ పాఠం ఆమె ముందు దారులను పెంచుతుందో అది విద్య. ఏది కుదిస్తుందో అది, ఎంత సృజనాత్మకమని పేరు పెట్టినా, విద్య కానేరదు.

ఇందుకు ప్రతిగా ఉపాధ్యాయుడు ఒక నియమాన్ని పాటించవలసి ఉంటుంది. పిల్లలు తూచినప్పుడు తొమ్మిదికి బదులు ఏడు రావచ్చు. పుస్తకం చూసి తొమ్మిది అని దిద్దిస్తే పాఠం ముగుస్తుంది, అబద్ధం మొదలవుతుంది. ఏడు అనే వ్రాయించి, త్రాసులో లోపమా, నీరు ఒలికిందా అని మళ్లీ వెదికిస్తే ఆలస్యమవుతుంది, కాని నిజాయితీ నిలుస్తుంది. తాను చూసినదానిని చూసినట్లు వ్రాసే ధైర్యం ఒకసారి అలవడిన పౌరునికి పుకారును నమ్మించడం, మంత్రతంత్రాలతో భయపెట్టడం సులభం కాదు. రాజ్యాంగం కోరిన శాస్త్రీయ దృక్పథం అటువంటి చిన్న తరగతి గదిలో, మసి అంటిన చిన్న చేతులలో ఆరంభమవుతుంది.