మనవళ్లు లేని వలస

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో దుబాయ్‌తో సంబంధం లేని వాడ ఉందంటే నమ్మడం కష్టం. 1973లో చమురు ధర ఎగిసింది, అక్కడ మేడలు లేచాయి. ఇక్కడ బోర్లు ఎండిన రైతులు ఏజెంటుకు కట్టడానికి అప్పుచేసి విమానమెక్కారు. మిత్తి తీరేసరికే సగం కాంట్రాక్టు అయిపోతుంది. తండ్రి పోయిండు, కొడుకు పోయిండు, కొన్ని ఇళ్లలో మనవడూ పోయిండు. అందరూ రెండేళ్ల కోసమే.

ఇంతకుముందు ఇలా పోయినవాళ్లలో దక్షిణ చైనా గ్వాంగ్‌డాంగ్ కూలీల కథ నన్ను వదలదు. 1869లో పూర్తయిన అమెరికా రైలు మార్గానికి కొండలు తొలిచింది వాళ్లే. పని అయ్యాక 1875 చట్టం వాళ్ల ఆడవాళ్ల రాకను దాదాపు ఆపేసింది, 1882 చట్టం కొత్త కూలీలకు తలుపు మూసింది. మిగిలింది మగవాళ్ల గదులు. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో పుట్టుక దస్తావేజులు కాలిపోగానే, చాలామంది తాము అక్కడే పుట్టామన్నారు. కాగితం మీద కొడుకులను పుట్టించి, ఊరి పిల్లలను ఆ పేర్లతో రప్పించుకున్నారు. దొంగ కాగితమే. కానీ ఆ కొడుకులకు పుట్టిన మనవళ్లు నిజమైనవాళ్లు, అమెరికా పౌరులు.

గల్ఫ్ ఆ సందు కూడా ఇవ్వలేదు. కూలీ జీతానికి భార్యను తెచ్చుకునే వీసా రాదు, అక్కడ పుట్టిన బిడ్డకైనా పౌరసత్వం దక్కదు. గట్టిగా పొమ్మననక్కర్లేదు, గడువు రాస్తే చాలు.

కాలిఫోర్నియాలో పోయిన చైనావాళ్ల ఎముకలను కొన్నేళ్ల తర్వాత సంఘాలవాళ్లు తవ్వితీసి, కడిగి, పేరు రాసి, హాంకాంగ్‌లోని తుంగ్ వా ఆసుపత్రి మీదుగా సొంతూరికి చేర్చేవాళ్లు. మనవాళ్ల పెట్టె శంషాబాద్ కార్గోలో దిగుతుంది. ఊళ్లో మూత తీసేదాకా ఇంటివాళ్లు లోపలున్నది తమవాడు కాదేమోననే చూస్తుంటారు. 2024లో ప్రభుత్వం ఆ కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామంది. మంచిదే, యాభై ఏళ్లు ఆలస్యం.

ఈ వలస సంతానమంతా ఇక్కడే పెరిగింది, నాన్నను ఫోన్‌లో చూస్తూ, కౌలూ బ్యాంకూ బడీ ఒంటిచేత్తో చూసుకున్న అమ్మ దగ్గర. అందుకే దీని చరిత్ర రాయాలనుకునేవాళ్లు బుర్జ్ ఖలీఫా కింద కాదు, ఆమె బీడీ చాట ముందు కూర్చోవాలి. అడిగితే చెబుతుంది. చేతులు మాత్రం ఆపదు, కూలీ వెయ్యి బీడీల లెక్కన కదా.