విశ్రాంతి ఎవరి హక్కు?

సంక్రాంతి సెలవులకు అండమాన్ వెళదామని మా యింట్లో నిర్ణయమైంది. ముప్పై యేళ్లుగా పాఠాలు చెప్పి అలసినవాణ్ణి. పది రోజులపాటు పచ్చని చెట్ల నీడన, సముద్రం వొడ్డున వూరికే కూర్చోవాలనుకోవడం తప్పని నేననుకోను. బల్లమీద పటం పరుచుకుని దీవుల పేర్లు చదువుతూ వుంటే, గది తుడుస్తున్న మా పనిమనిషి ఆగి, "పండక్కి నాకూ నాలుగు రోజులు సెలవు కావాలండి, మేష్టారూ. మా వూరెళ్లొస్తాను" అంది.

"మేమూ లేక, నువ్వూ లేకపోతే మొక్కలకు నీళ్లెవరు పోస్తారు?" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే యిప్పటికీ సిగ్గేస్తుంది. విశ్రాంతి, జీతంతో కూడిన సెలవు ప్రతి మనిషికీ హక్కులని 1948 నాటి మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో వుంది. తరగతిలో నేను చెప్పే పాఠమే అది. నా విశ్రాంతిని హక్కన్నాను; ఆమె విశ్రాంతి నాకు యిబ్బందిగా కనిపించింది.

ఆ రాత్రి పటాన్ని మళ్లీ చూశాను. నేను అక్కడ వెతుకుతున్నదేమిటి? మనుషుల గొడవ లేని ప్రకృతి. అటువంటిది ఆ దీవుల్లో ఎక్కడుంది? 1857 తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్లను 1858లో అక్కడికి తెచ్చి, సంకెళ్లతో అడవి నరికించారు. 1879 రంప తిరుగుబాటు తర్వాత మన మన్యంవాళ్లలో కొందరినీ అక్కడికే పంపారు. 1857 తిరుగుబాటును అణచిన సేనాని హావ్‌లాక్ పేరే యాత్రికులు మెచ్చే దీవికి పెట్టారు. 2018లో అది స్వరాజ్ ద్వీపమైంది. దేశ విభజన తర్వాత నిలవనీడ లేక తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు అక్కడ అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. యిదంతా చెరిపేస్తేనే ఆ దీవి నా కంటికి వట్టి ప్రకృతి అవుతుంది.

చెరిపేయడం అంతటితో ఆగదు. జారవాల అడవిని చీల్చుకుపోయే రోడ్డును మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా వాహనాలు తిరుగుతూనే వున్నాయి. తిండి ఆశ చూపి జారవా స్త్రీలచేత యాత్రికుల యెదుట నాట్యం చేయించిన దృశ్యాలను 2012లో లోకమంతా చూసింది. యాత్రికుడికి అక్కడ మనిషి కూడా చెట్టూ పిట్టా లాంటి వింతే.

అయితే ప్రయాణం మానుకోవాలా? యాత్రికులు రాకపోతే పడవ నడిపేవాడి పొయ్యిలో పిల్లి లేవదని కొందరంటారు. నిజమే. నేను మానుకున్నంత మాత్రాన నా అంతరాత్మకు వొక అలంకారం దొరుకుతుందేగాని, ఆ పడవవాడికి గాని, హోటల్లో పక్కలు సర్దే అమ్మాయికి గాని వొక్కరోజు సెలవు రాదు. కనుక విశ్రాంతి తీసుకోవడం నేరం కాదు. యితరుల విశ్రాంతిని మింగి తీసుకోవడం నేరం. కొందరికే దక్కినంతకాలం దాన్ని హక్కనకూడదు, భోగమనాలి.

మర్నాడు పనిమనిషికి జీతంతో పది రోజులు సెలవిచ్చాను. యిది వుదారత కాదు. ఆలస్యంగా తీర్చిన బాకీ. నేనివ్వనంటే ఆమె అడిగి గెలిచే దారి యింకా లేదు. అటువంటి దారి, అంటే చట్టమూ, సంఘబలమూ యేర్పడేదాకా యీ ప్రశ్న తీరినట్టు కాదు. జారవాల రోడ్డును మా ప్రయాణంలోంచి కొట్టేశాం. మొక్కలంటారా? కొన్ని యెండిపోవచ్చు. యెండిపోనీ.