క్రిస్మస్ సంతలో ముస్లిం: హద్దు ఎక్కడ?

 

డిసెంబరు వచ్చిందంటే మమ్మల్ని చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఇతర మతస్తుల పండుగ సంతకు ముస్లిం వెళ్ళవచ్చా, కూడదా? ఒకప్పుడు మేము ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పేశాము. ఆ జవాబులో తొందరపాటు ఉందని తర్వాత గ్రహించాము. ఆ సంగతినే ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మా ఆపా కుటుంబం గుంటూరు నుంచి వెళ్ళి జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో స్థిరపడింది. దుల్హాభాయి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. వారికి ఒక పాప. రెండేళ్ళ క్రితం, పాపకు ఆరేళ్ళప్పుడు, ఆపా ఫోను చేసి అడిగింది: "తమ్ముడూ, బడి వాళ్ళు క్లాసు పిల్లలందర్నీ క్రిస్మస్ సంతకు తీసుకెళ్తున్నారు. మన పాపను పంపవచ్చా?"

ఎవరు ఏ జాతిని అనుకరిస్తారో వారు ఆ జాతికి చెందినవారే అవుతారని అబూ దావూద్ గ్రంథంలో ఉన్న ప్రవచనాన్ని వినిపించి, "పంపకండి" అన్నాము. ఆ సంతలో ఏముంటుందని గాని, పిల్లలు అక్కడ ఏం చేస్తారని గాని అడగలేదు. ఆ రోజు పాప ఇంట్లోనే ఉండిపోయింది. మర్నాడు టీచరు సంతలో చూసిన వాటి బొమ్మలు వేయమంటే పిల్లలందరూ వేశారట. మా పాప తెల్ల కాగితం ఇచ్చి వచ్చిందట. ఈ మాట ఆపా చాలా రోజుల తర్వాత, మమ్మల్ని నిందించకుండానే చెప్పింది. అయినా అది మా మనసులో ముల్లులా గుచ్చుకుంది.

మదరసాలో మా ఉస్తాదులు పదే పదే చెప్పిన సూత్రం ఒకటుంది. ఒక వస్తువు స్వరూపం తెలిసిన తర్వాతే దాని మీద తీర్పు చెప్పాలి. ఆ సూత్రాన్ని కంఠస్థం చేసిన మేమే దాన్ని మరిచాము. గత డిసెంబరులో అల్లాహ్ దయవల్ల ఆపా ఇంటికి వెళ్ళే అవకాశం కలిగింది. ఈసారి చూసి మాట్లాడదామనుకున్నాము.

కళ్ళతో చూసినది

న్యూరెంబర్గ్ నడిబొడ్డున హౌప్ట్‌మార్క్ట్ అనే పెద్ద చౌకు ఉంది. క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు అక్కడ చెక్క దుకాణాలు వెలుస్తాయి. వాటికి ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పు ఉంటుంది. ఈ సంత గురించి దొరికిన అతి పాత లిఖిత ఆధారం 1628 నాటిది. డిసెంబరు 24న సంత ముగుస్తుంది.

అక్కడ అమ్మేవాటిలో చెక్క బొమ్మలు, ఉన్ని తొడుగులు, కొవ్వొత్తులు, వేయించిన బాదం, ఎండబెట్టిన ప్లమ్ పళ్ళతో చేసిన చిన్న మనుషుల బొమ్మలు ఉన్నాయి. ఆ ఊరికి పేరు తెచ్చిన లేబ్‌కూఖెన్ అనే రొట్టె కూడా ఉంది. తేనె, గింజలు, దాల్చిన చెక్క, లవంగం, ఏలకులు కలిపి చేస్తారు. ఆ మసాలా దినుసులు పూర్వం మన మలబారు వంటి తీరాల నుంచి అరబ్బు వర్తకుల ఓడల్లో వెళ్ళి, వెనిస్ మీదుగా ఆ ఊరు చేరేవి. ఒక మతం వారు పండించినది మరో మతం వారు మోసుకెళ్ళగా, ఇంకో మతం వారు పండుగకు వండుకున్నారు. బజారు స్వభావమే అది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. అడుగడుగునా గ్లూవైన్ అమ్ముతారు. అది మసాలా వేసి వేడిచేసిన ద్రాక్షసారా. ఆ ఊరి పేరుతోనే పిలిచే చిన్న సాసేజ్‌లు పంది మాంసంతో చేసినవి. చౌకు పక్కనే ఫ్రావెన్‌కిర్ఖే అనే చర్చి ఉంది. సంత ప్రారంభం రోజు సాయంత్రం క్రిస్ట్‌కిండ్ వేషం ధరించిన యువతి, బంగారు కిరీటంతో ఆ చర్చి వసారాపై నిలబడి ప్రారంభ వచనం చదువుతుంది. క్రిస్ట్‌కిండ్ అంటే బాల క్రీస్తు. సంత మధ్యలో ఈసా (అలై) జనన ఘట్టాన్ని బొమ్మలతో అమర్చి ఉంచుతారు.

అంటే అక్కడ వ్యాపారమూ ఉంది, వినోదమూ ఉంది, మత విశ్వాసమూ ఉంది. అంతా కలిసి ఒకే చోట ఉన్నప్పుడు ముస్లిం ఏం చేయాలి?

ధర్మం ఏమంటోంది?

ఇస్లాంకు పూర్వం అరబ్బు దేశంలో ఉకాజ్, మజన్నా, జుల్‌మజాజ్ అనే మూడు పేరుగాంచిన సంతలు ఉండేవి. హజ్ కాలంలో జరిగే ఆ సంతలకు విగ్రహారాధకులు తరలివచ్చేవారు. ఇస్లాం వచ్చాక అక్కడ వ్యాపారం చేయడం పాపమేమోనని సహాబాలు సంకోచించారు. అప్పుడు అల్ బఖరా సూరా 198వ ఆయత్ అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలియజేశారు. ప్రభువు అనుగ్రహాన్ని అన్వేషించడంలో మీకు దోషం లేదన్నది ఆ ఆయత్ భావం. ఈ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. మహాప్రవక్త (సఅసం) కూడా జుల్‌మజాజ్ సంతలో తిరుగుతూ ఏకేశ్వర సందేశం వినిపించారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆయన జనాన్ని చూసి పారిపోలేదు. జనంలో కలిసి తన సందేశాన్ని పోగొట్టుకోనూ లేదు.

మరో హదీసు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టడం విద్యాద్రోహం అవుతుంది. బువానా అనే చోట ఒంటెలను జిబహ్ చేస్తానని ఒక వ్యక్తి మొక్కుకున్నాడు. దైవప్రవక్త (సఅసం) అతన్ని రెండు ప్రశ్నలు అడిగారు. అక్కడ అజ్ఞాన కాలంలో పూజలందుకున్న విగ్రహం ఏదైనా ఉండేదా? వారి పండుగ ఏదైనా అక్కడ జరిగేదా? రెండింటికీ లేదని జవాబు వచ్చాకే మొక్కు తీర్చుకోమన్నారు. హజ్రత్ సాబిత్ బిన్ దహ్హాక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది.

ఒక హదీసు తలుపు తెరుస్తోంది, మరొకటి మూస్తోంది అనిపించవచ్చు. నిదానంగా ఆలోచిస్తే వైరుధ్యం లేదని తెలుస్తుంది. బువానాలో ఆ వ్యక్తి చేయబోయింది ఆరాధన. అల్లాహ్ కోసం చేసే ఆరాధనకు షిర్క్ నీడ కూడా తగలకూడదు. ఉకాజ్‌లో సహాబాలు చేసింది కొనుగోలు, అమ్మకం. అందులో షిర్క్ లేదు.

ఈ తేడాను ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) స్పష్టంగా చెప్పారు. సిరియా ప్రాంతంలో క్రైస్తవుల పండుగ సందర్భంగా జరిగే సంతలకు ముస్లింలు వెళ్ళడం గురించి ఆయన్ని అడిగారు. వారి చర్చిలలోకి ప్రవేశించకుండా సంతకు మాత్రమే హాజరైతే అభ్యంతరం లేదన్నది ఆయన జవాబు సారాంశం. దీన్ని నమోదు చేసింది ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ). అదీ ఇతరుల పండుగలను అనుకరించవద్దని గట్టిగా హెచ్చరిస్తూ ఆయన రాసిన 'ఇఖ్తిజా అస్సిరాతిల్ ముస్తఖీమ్' గ్రంథంలోనే! హెచ్చరించిన పండితుడే మినహాయింపునూ దాచకుండా రాశారు. మేమైతే హెచ్చరికను గుర్తుంచుకుని మినహాయింపును మరిచాము.

దూరంగా ఉండటమే మేలని సలహా ఇచ్చే ఉలమాలు ఎందరో ఉన్నారు. వారిని మేము తప్పుపట్టము. విశ్వాసం బలహీనంగా ఉన్నవారికి, సారా వాసనకే మనసు చలించేవారికి ఆ సలహాయే క్షేమం. అయితే జాగ్రత్త వేరు, హరామ్ వేరు. అల్లాహ్ హరామ్ చేయనిదాన్ని హరామ్ అనే అధికారం ఎవరికీ లేదు.

పాప అడిగిన ప్రశ్న

ఒక రోజు మధ్యాహ్నం ఆపా కుటుంబంతో కలిసి సంతకు వెళ్ళాము. ప్రారంభ ఉత్సవం మతపరమైనది కనుక ఆ రోజును వదిలి మామూలు రోజునే ఎంచుకున్నాము. పాప రంగులరాట్నం ఎక్కింది. పిల్లల కోసం సారా లేకుండా చేసే వేడి పళ్ళరసం దొరికితే, అందులో ఏముందో అడిగి తెలుసుకుని తీసుకున్నాము. సారా తిరిగే బల్ల దగ్గర విశ్వాసి కూర్చోకూడదన్న ప్రవచనం గుర్తుండటంతో, కప్పులు పట్టుకుని దూరంగా వెళ్ళి నిలబడి తాగాము.

తిరిగి వస్తుండగా జనన ఘట్టం బొమ్మల దగ్గర పాప ఆగిపోయింది. కాసేపు చూసి మా చెయ్యి పట్టుకుని అడిగింది: "మామూ, ఈ పాపాయి ఈసా అలైహిస్సలామే కదా? మనం కూడా ఆయన్ని నమ్ముతాం కదా? మరి మనకు ఆయన పుట్టిన కథ ఎందుకు లేదు?"

ఆపా, దుల్హాభాయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేము సిగ్గుతో తల దించుకున్నాము. ఎందుకంటే కథ లేకపోలేదు. అల్లాహ్ ఒక సూరాకు ఆయన తల్లి పేరే పెట్టి ఆ కథను మనకు వినిపించాడు. మేము ఆ పిల్లకు "వద్దు" అనే మాట పంపించాము గాని సూరయె మర్యమ్ పంపించలేదు.

ఆ ఊళ్ళో డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే సూర్యుడు అస్తమిస్తాడు. మగ్రిబ్ నమాజుకు తుర్కీ సోదరుల మస్జిద్ వైపు నడుస్తూ పాపకు ఆ కథ చెప్పాము. హజ్రత్ మర్యమ్ (అలై) ఒంటరిగా, నొప్పులతో ఖర్జూర చెట్టు మొదలు దగ్గరకు చేరడం, ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండేదని బాధపడటం చెప్పాము. దుఃఖించకు, నీ ప్రభువు నీ కింద సెలయేరు పారించాడు, చెట్టు మొదలు ఊపు, తాజా పళ్ళు రాలతాయి అన్న ఓదార్పు వినిపించడం చెప్పాము. ఊయలలోని శిశువు నోరు విప్పి తాను అల్లాహ్ దాసుడినని ప్రకటించడం కూడా చెప్పాము. పాప అంతా విని, "నొప్పులు వస్తుంటే చెట్టు ఎలా ఊపింది మామూ?" అంది. బలమైన మగవాడు కూడా ఖర్జూర చెట్టును ఊపలేడు, ఆమె చెయ్యి మాత్రం ఆనించింది, పళ్ళు రాల్చింది అల్లాహ్ అన్నాము. ఆ రాత్రి పాప తనంతట తానే కాగితం తీసుకుని ఖర్జూర చెట్టు, దాని కింద సెలయేరు బొమ్మ వేసింది. మనిషి బొమ్మ వేయలేదు.

ఇదే సూరా తొలి ఆయత్‌లను హజ్రత్ జాఫర్ (రజి) అబిసీనియాలో క్రైస్తవ రాజు నజాషీ ఎదుట పఠించినప్పుడు, రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఈసా (అలై) దేవుని కుమారుడు కాదన్న మన విశ్వాసాన్ని జాఫర్ (రజి) రాజు కోసం మార్చలేదు. రాజును కించపరచనూ లేదు. క్రైస్తవ పొరుగువారి మధ్య బతికే ముస్లింకు ఇంతకంటే మంచి ఆదర్శం ఏముంటుంది?

సిమెంటు దిమ్మెల దగ్గర

ఆ దేశపు సంతల దారుల్లో వాహనాలు దూసుకురాకుండా నేడు అడ్డుకట్టలు కనిపిస్తాయి. 2016 డిసెంబరు 19న బెర్లిన్ క్రిస్మస్ సంతలోకి ఒకడు లారీని తోలాడు. ఆ దాడి మొత్తం 13 మంది ప్రాణాలు బలిగొంది. ఆ ఘోరానికి ఇస్లాం పేరు తగిలించారు. 2018 డిసెంబరు 11న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ సంత దగ్గర ఇలాంటి మరో హంతకుడు ఐదుగురి ప్రాణాలు తీశాడు. ఆ మృతుల్లో అఫ్ఘనిస్తాన్ నుంచి వలస వచ్చిన ముస్లిం కూడా ఉన్నాడు. ఒక్క ప్రాణాన్ని అన్యాయంగా తీయడం మానవాళి అంతటినీ చంపడం వంటిదని ఖుర్ఆన్ ప్రకటిస్తుంటే, దాని పేరు చెప్పుకుని సంతకు వచ్చిన తల్లులను, తండ్రులను చంపారు. ఆ దిమ్మెల పక్కన గడ్డంతో, టోపీతో నిలబడిన మాకు కొందరి చూపులు తగలకపోలేదు. వారిని తప్పుపట్టే ముందు న్యాయం విషయంలో స్వయంగా మీకే వ్యతిరేకమైనా సాక్ష్యం చెప్పండన్న అన్నిసా సూరా 135వ ఆయత్ గుర్తుచేసుకున్నాము.

ఆ చౌకుకు మరో చరిత్ర కూడా ఉంది. ఒకప్పుడు అది యూదుల పేట. 1349లో రాజు నాలుగో చార్లెస్ అనుమతితో వారి ఇళ్ళు కూల్చి బజారు ఏర్పాటు చేశారు. ఆ డిసెంబరులో వందలాది యూదులను చంపారు. వారి ప్రార్థనాలయం ఉన్నచోటే నేటి చర్చి లేచింది. ఏ మతం పేరుతోనైనా మనిషి పొరుగువాడి ప్రాణం తీయగలడు. తమతో పోరాడని, తమను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టని వారితో మేలుగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ నివారించలేదని ముమ్‌తహినా సూరా 8వ ఆయత్ స్పష్టం చేస్తోంది. ఇది ఎంత విలువైన బోధనో అలాంటి చోట నిలబడితే తెలుస్తుంది.

మా విన్నపం

సోదరులారా! మా అవగాహన మేరకు హద్దు ఇది. వారి ఆరాధనలో, కీర్తనల్లో పాల్గొనకూడదు. శిలువను గాని, జనన ఘట్టం బొమ్మలను గాని ఇంటికి తేకూడదు. సారా, పంది మాంసం దరికి వెళ్ళకూడదు. వారి పండుగను మన ఇంటి పండుగగా చేసుకోకూడదు. ఈ హద్దులు కాపాడుకుంటూ సంత చూడటం, హలాల్ వస్తువు కొనుక్కోవడం, పిల్లల్ని రంగులరాట్నం ఎక్కించడం, పొరుగువారితో చిరునవ్వుతో మాట్లాడటం పాపం కాదు. అసలు సంగతి అల్లాహ్‌కే బాగా తెలుసు.

దీనికంటే ముఖ్యమైన మాట తల్లిదండ్రులకు, మాబోటి ఆలిములకు చెప్పాలి. పిల్లలకు "వద్దు" అని చెప్పవలసిన సందర్భాలు వస్తూనే ఉంటాయి. అప్పుడు తప్పక చెప్పండి. కానీ వట్టి చేతులతో చెప్పకండి. ఏది వద్దంటున్నామో ముందు తెలుసుకుని, దానికి బదులు మన దగ్గర ఉన్నదాన్ని వారి చేతిలో పెట్టండి. క్రిస్మస్ కథ నలుదిక్కులా వినిపించే చోట పెరిగే బిడ్డకు సూరయె మర్యమ్ కథ తెలియకపోతే, ఆ బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టినంత మాత్రాన ఈమాన్ నిలవదు. ఆ కథ గుండెలో ఉంటే, జనన ఘట్టం బొమ్మల ముందు నిలబడినా, "ఆయన అల్లాహ్ దాసుడు, అల్లాహ్ ప్రవక్త" అని తనే చెప్పగలదు.

అల్లాహ్ మనకు సత్యాన్ని సత్యంగా చూపించి దాన్ని అనుసరించే భాగ్యాన్ని, అసత్యాన్ని అసత్యంగా చూపించి దానికి దూరంగా ఉండే భాగ్యాన్ని ప్రసాదించుగాక! తెలియకుండా తీర్పు చెప్పే తొందరపాటు నుంచి మా నాలుకలను కాపాడుగాక! ఆమీన్.