గోధనముతో కూడ రమ్మన్న స్వామి

శ్రీమద్భాగవత దశమస్కంధమునందలి గోవర్ధనోద్ధరణ ఘట్టమును వినని వైష్ణవ గృహము తెలుగునాట ఉండదు. ఇంద్రుడు కుపితుడై రాళ్లవాన కురిపింపగా బాలకృష్ణుడు కొండనెత్తి ఏడుదినములు నిలిపిన వైనమును పౌరాణికులు మిక్కిలి వర్ణింతురు. ఆ వర్ణనలో ఒక చిన్నమాట మరుగుపడుచుండును. కొండనెత్తిన పిమ్మట స్వామి గోపకులను గోధనముతో కూడ క్రిందికి రమ్మనెను. మనుష్యులు ముందు రండు, పశువుల సంగతి తరువాత చూతమనలేదు. అంతకు మున్నే ఆలమందలు చలికి వడకుచు, దూడలను తమ దేహములతో కప్పుకొని, స్వామి పాదముల కడకు వచ్చి చేరినవని శుకమహర్షి వచించెను.

వ్రేపల్లె ఆవులు నడచి రాగలిగినవి. మెడకు పలుపు తగిలించి కొబ్బరిమానుకు ముడివేసిన ఆవు ఏ దేవుని చెంతకు నడువగలదు?

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ, సముద్రపుటొడ్డున వెలసిన కోనసీమకు వరదయు తుఫానును క్రొత్తవి కావు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలమున 75.6 అడుగులకు పొంగినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి, దీపావళికి కొలది దినముల ముందు విరుచుకుపడిన తుఫానులో వేయిమందికి పైగా మరణించిరి, కొబ్బరితోటలు నేలకొరిగినవి. 2022 జూలైలో భద్రాచలమున నీరు మరల 71 అడుగులు దాటగా ఇచటి లంకగ్రామములు దినముల తరబడి నీట నిలిచినవి.

ఇట్టి వేళ పడవ ఎక్కుటకు నిరాకరించు గృహస్థులు కొందరుందురు. వారిని మూర్ఖులనుట తగదు. పాలిచ్చు గేదెను, చూడి ఆవును ఏటిపాలు చేసి ఎట్లు వత్తుమని వారి ప్రశ్న. దానికి అర్ధరాత్రి పడవ నడుపువాడు సమాధానము చెప్పలేడు. అది వేసవిలోనే ఇంటిల్లిపాది కూర్చుండి తేల్చుకొనవలసిన సంగతి. అమెరికాలో 2005లో కత్రినా తుఫాను వచ్చినపుడు పెంపుడు జంతువులను విడువలేక అనేకులు ఇండ్లలోనే చిక్కుపడిరి. మరుసటియేడు, జనమును తరలించు ఏర్పాట్లలో ఆ జంతువులకును చోటుండవలెనని అచట శాసనము చేసిరి. కుక్కను విడిచి స్వర్గరథమెక్కనన్న ధర్మరాజు కథ వినుచు పెరిగినవారికి ఇది వింతగా తోచదు.

మత్స్యావతారమున స్వామి సత్యవ్రతునకు ప్రళయవార్తను ఏడుదినముల ముందే తెలిపెను. ఓషధులను, బీజములను, సకల ప్రాణులను వెంటగొని నావ ఎక్కుమనెను. గోదావరియు చెప్పకుండ రాదు. భద్రాచలమున 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇత్తురు. ధవళేశ్వరమున 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు ఆ మూడు హెచ్చరికలును వెలువడును. భద్రాచలపు నీరు ధవళేశ్వరము చేరులోపల కొంత వ్యవధి కలదు. ఆ వ్యవధిని పశువులకొరకే వినియోగింపవలెను. మొదటి హెచ్చరిక విన్నంతనే, బాట పొడిగా నున్నపుడే, లంకలోని పశువులను ఏటిగట్టు దాటించి మెరకకు తోలవలెను. లేగదూడలను, చూడి పశువులను మొదట పంపవలెను. మనుష్యులకే పడవలు చాలని వేళ గేదెను పడవ ఎక్కించుట కలలోని మాట.

గట్టు చేరిన పశువునకు మేత ఏది? గోవర్ధనమనగా గోవులను పోషించునదని అర్థము. ఆ కొండ క్రింద మేతకు లోటెట్లుండును? ఏటిగట్టు గోవర్ధనము కాదు. పశువొక్కింటికి దినమునకు అయిదారు కిలోల ఎండుగడ్డి చొప్పున ఒక వారమునకు సరిపడ మెరకనున్న బంధువుల ఇంట ముందే చేర్చియుంచవలెను. త్రాగుటకు మంచినీరు వేరుగ కావలయును. వరదనీరు రోగములకు మూలము. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయించవలెను. చెవికి పండ్రెండంకెల పసుపు బిళ్ల వేయించినచో చెదరిన పశువును మరల గుర్తించుట సులువగును.

తుఫాను తీరు వేరు. గాలికి పాక కూలును, చెట్టు విరిగి పడును. కావున పశువును కొబ్బరిచెట్టు క్రిందను, కరెంటు తీగల క్రిందను కట్టరాదు.

ఇక ఏ ఏర్పాటునకును వ్యవధి చిక్కని రాత్రియు రావచ్చును. అపుడు పలుపు కోసి పశువును విడిచిపెట్టవలెను, అది ఈదగలదు. తడిసిన ముడి చీకటిలో చేతికి లొంగదు గనుక పశులశాల గుంజకు కొడవలి యొకటి ఎల్లప్పుడును వ్రేలాడుచుండవలెను.