నిన్నటి ఎండ ఎవరి సొమ్ము?

రథసప్తమి నాడు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసే ఇంట్లోనే మర్నాడు పొద్దున్నే గీజర్ స్విచ్ వేస్తారు. అదేమీ అపచారం కాదు. అయితే నీళ్లు కాచుకోవడంలో ధర్మం, అధర్మం ఉంటాయా అని హైదరాబాదు ఉప్పల్‌లోనో నాచారంలోనో అడిగితే ఎక్కువమంది కరెంటు బిల్లు లెక్క చెబుతారు. సోలార్ హీటరు పెడితే బిల్లు తగ్గేది నిజమే. కానీ ధర్మం అడిగేది ఎంత ఖర్చయిందని కాదు, ఆ ఖర్చు ఎవరి మీద పడిందని.

వంద లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 4 యూనిట్ల కరెంటు కావాలి. థర్మల్ కేంద్రంలో బొగ్గు వేడిలో మూడో వంతే కరెంటుగా మారుతుంది కాబట్టి, ఆ స్నానాల కోసం 12 యూనిట్ల వేడికి సరిపడా బొగ్గు కాలాలి. ఉప్పల్ కింద ఉన్నది గ్రానైటు, అక్కడ బొగ్గు పెళ్ల కూడా దొరకదు. అది సింగరేణి గనుల నుంచి రావాలి, బూడిద రామగుండం థర్మల్ కేంద్రంలో మిగలాలి, ఓపెన్‌కాస్ట్ గోతుల పక్కన ఊళ్లు దుమ్ము భరించాలి. చిత్రమేమిటంటే బొగ్గూ ఎండే: పాతిక కోట్ల ఏళ్ల కిందటి చెట్లు దాచిన ఎండ. డాబా మీద పడేది వడ్డీ, గనిలోంచి తీసేది అసలు. పొందినదాన్ని తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగ అంటుంది గీత మూడో అధ్యాయం. దాన్ని యజ్ఞం వరకే పరిమితం చేసి చదువుతాం గానీ, తిరిగి ఇవ్వలేనిదాన్ని రోజూ కాల్చేవాడికి ఆ మాట ఇంకా గట్టిగా తగులుతుందని నా అభిప్రాయం.

గ్రిడ్డులోనూ సోలార్ కరెంటు ఉంది కదా అనొచ్చు. ఉంది, పగటిపూట. జనవరిలో హైదరాబాదులో ఆరున్నర దాటితే గానీ సూర్యుడు కనపడడు, గీజర్లు అంతకుముందే ఎర్రలైటుతో సిద్ధంగా ఉంటాయి. డాబా మీది ట్యాంకు మాత్రం నిన్నటి ఎండను రాత్రంతా దాచి ఆ వేళకు ఇస్తుంది. గాజు ట్యూబులూ కొలిమిలో పుట్టినవే అంటే, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ కొలిమి ఇంధనం ఒక్కసారి కాలుతుంది, గీజర్ బొగ్గు రోజూ. బోరు నీళ్ల ఉప్పు ట్యూబుల్లో తెల్లగా పేరుకుంటుంది, కడిగించుకోవాలి. శ్రావణంలో మబ్బులు వారం రోజులు కదలకపోతే కరెంటు రాడ్డు వేసుకోక తప్పదు. వేసుకోవచ్చు, ధర్మం మడి కాదు.

నిజంగా తేల్చుకోవాల్సిన అభ్యంతరం వేరే ఉంది. సూర్యుడు అందరివాడే, డాబా మాత్రం కాదు. వంద లీటర్ల హీటరుకు నీడ పడని రెండు మూడు చదరపు మీటర్ల చోటు కావాలి. అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో పై అంతస్తువాళ్లు ముందుగా దక్షిణం వైపు ఆక్రమిస్తే కిందివాళ్లకు గీజరే గతి. పెట్టుకోనిచ్చినా, పదిహేను మీటర్ల ముప్పావు అంగుళం గొట్టంలో నిలిచిన నాలుగు లీటర్ల చన్నీళ్లు పారాక గానీ వేడినీళ్లు దిగవు. అవి బకెట్లో పట్టుకుంటే సరి, మోరీలో వదిలితే మరో అప్పు. రామగుండం ఋణదాత మనకు కనపడడు, కింది అంతస్తు ఋణదాత రోజూ మెట్ల మీద ఎదురవుతాడు. అందుకే లిఫ్టు రిపేరుకు తీర్మానం రాసినట్టే ఎండ వాటాలకూ సంఘం ఒక తీర్మానం రాసుకోవాలి, మొదటి ట్యాంకు పైకెక్కక ముందే.