యోసేపు ఎముకలు

చదువవలసిన భాగములు: ఆది. 50:22–26, నిర్గమ. 13:19, యెహో. 24:32, హెబ్రీ. 11:22

ప్రియులారా, యోసేపు జీవితములో చెప్పుకొనదగిన సంగతులు ఎన్నో కలవు. అన్నలు త్రోసిన గుంట, చెరసాల, ఫరో యొద్ద అధికారము, ఏడేండ్ల కరవు, అన్నలను క్షమించుట. అయితే హెబ్రీ పత్రిక పదునొకండవ అధ్యాయము వీటిలో ఒక్కదానినైనను ఎత్తలేదు. తన ఎముకలను గూర్చి ఆయన ఇచ్చిన ఆజ్ఞనే విశ్వాసమునకు గురుతుగా చూపుచున్నది.

ఎందుచేత? నూట పదియేండ్ల ఆ వృద్ధునికి ఐగుప్తులో ఘనమైన సమాధి దొరకకపోదు. ఆయన దానిని కోరలేదు. దేవుడు మాట తప్పడనియు, తన జనము వాగ్దాన దేశమునకు పోవుననియు, ఆ దినమున తన్ను విడిచి పోవద్దనియు చెప్పి ప్రమాణము చేయించెను.

ప్రమాణము చేసినవారు గతించిరి. వారి సంతతి ఇటుకల పనిలో దాసులైరి. అయినను ఆ పెట్టె సంగతి మరుగున పడలేదు. పిండి పులియకమునుపే మూటలు కట్టిన ఆ రాత్రి తొందరలోను మోషే దానిని మరువలేదు. అరణ్యములో నలువది యేండ్లు మోసి, తుదకు షెకెములో యాకోబు కొనిన చేనిలో పాతిపెట్టిరి. అక్కడ పాతిపెట్టినవారిలో ఒక్కడును యోసేపు ముఖము చూచినవాడు కాడు!

మన పెద్దలును పోవుచు మాట చెప్పి పోవుదురు. ప్రార్థనతో సాగనంపుమందురు, నా పేరిట అప్పు చేయవద్దందురు, మీ అమ్మ ప్రక్కన పెట్టుమందురు. కన్ను మూయగానే బంధువులు కూడుదురు. నలుగురు ఏమనుకొందురో అను భయము ఇంటిలో జొరబడును. వద్దన్న తంతులు జరుగును, వద్దన్న అప్పు పుట్టును. తండ్రి జీవితమంతయు చెప్పిన సాక్ష్యమును కొడుకులు ఒక్క దినములో కాదన్నట్లగును. ఇది పెద్ద దుఃఖము.

అయితే కొన్ని కోరికలు తీర్చ శక్యము కాదు. మన పాలమూరు కూలీలు బ్రతుకుదెరువుకై దూరదేశములకు పోయి అక్కడనే కన్నుమూయుట కలదు. 1981లో శ్రీశైలము జలాశయము కొరకు కృష్ణ, తుంగభద్రల యొడ్డున అనేక గ్రామములు ఖాళీ చేయబడెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురములో తిరిగి కట్టిరి. పేదల మట్టి సమాధులకు అట్టి తరలింపు ఎక్కడిది? అమ్మ సమాధియే నీటి క్రింద నున్నప్పుడు నాన్నను ఆమె ప్రక్కన ఎట్లు పెట్టగలము?

అట్టి బిడ్డలు తమ్మును తాము నిందించుకొనకూడదు. మట్టి రక్షింపదు. మోషే సమాధి ఎక్కడనున్నదో నేటివరకు ఎవరికిని తెలియదు, దేవునికి తెలియును. సముద్రము తనలోని మృతులను అప్పగించునని ప్రకటన గ్రంథము చెప్పుచున్నది. సముద్రము అప్పగించగా, జలాశయము దాచగలదా?

కావున మనము చేయవలసినది ఇది. పెద్దలు బ్రదికియుండగనే వారి కోరికను అడిగి, సంఘ పెద్దల యెదుట వ్రాసి ఉంచుదము. చేయగలిగినదానిని భయము లేక చేయుదము. చేయలేనిదానిని దేవుని చేతికి అప్పగింతము. వారు ఏ నిరీక్షణతో ఆ మాట చెప్పిరో, ఆ నిరీక్షణను మాత్రము మన బిడ్డలకు తప్పక అందింతము. యోసేపు ఎముకలతోకూడ ఇశ్రాయేలీయులు మోసినది అదియే. ప్రభువు మనకు అట్టి కృప దయచేయును గాక. ఆమెన్.